విదేశీ పెట్టుబడి – ప్రత్తి రైతు



మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతు తొలకరికి ముందు ప్రత్తి విత్తనపు పొట్లము కొనునపుడు, తాను చెల్లించు సొమ్ము ఎవరెవరికి చేరునో సాధారణముగ ఆలోచింపడు. విత్తనము పండించిన రైతుకు కొంత, కంపెనీకి కొంత, దుకాణదారునికి కొంత చేరును. ఒకప్పుడు అందులో పెద్ద భాగము ఒక అమెరికా కంపెనీ సగము వాటాదారుగా నున్న సంస్థకు చేరినది. విదేశీ పెట్టుబడి మన చేలలోనికి వచ్చిన మార్గమిది. దాని స్వభావమెట్టిది, రైతుకు లాభమెంత, జాగ్రత్తపడవలసిన దెక్కడ అను విషయములను ఈ వ్యాసములో వివరింతుము.

అప్పు వేరు, పెట్టుబడి వేరు

మీ బావికి మోటారు కావలెననుకొనుడు. సావుకారు వద్ద అప్పు తెచ్చి మోటారు కొన్నచో, బావి ఎండినను వడ్డీ కట్టవలసినదే. అట్లుగాక వేరొకడు తానే మోటారు తెచ్చి బిగించి, పారిన నీటిలో పాలు తీసికొన్నచో, నీరున్నపుడే అతనికి రాబడి యుండును. అయితే మోటారు ఎప్పుడు వేయవలెను, ఏ మడికి ముందు పారవలెను అను విషయములలో అతని మాటయు చెల్లును.

విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి ఈ రెండవ రకమునకు చెందినది. పరదేశపు కంపెనీ ధనముతోపాటు యంత్రములను, సాంకేతిక జ్ఞానమును తెచ్చును; లాభనష్టములలో పాలుపంచుకొనును; నిర్వహణలో పెత్తనము చేయును. మూలధనము చాలని దేశములు దీనిని కోరుట కిదియే కారణము. మన ప్రభుత్వము 1991 జూలైలో ప్రకటించిన పారిశ్రామిక విధానముతో, ముఖ్య పరిశ్రమలలో 51 శాతము వరకు విదేశీ వాటాకు సులభముగ అనుమతి లభించెను. నేడు విత్తనాభివృద్ధి వంటి కొన్ని రంగములలో నూటికి నూరు శాతము అనుమతింపబడుచున్నది. సాధారణ పంటల సాగులోనికి మాత్రము విదేశీ పెట్టుబడికి అనుమతి లేదు.

రైలుమార్గము నేర్పిన పాఠము

ఈ ప్రాంతమునకు పరదేశపు ధనము క్రొత్త కాదు. గుంతకల్లు, ఆదోనిల మీదుగా పోవు రైలుమార్గమును మద్రాసు రైల్వే కంపెనీ వేసి, 1871లో రాయచూరు చేర్చెను. దాని మూలధనము లండనులో సేకరింపబడినది. ఆ మార్గమువలన ఇక్కడి ప్రత్తికి దూరపు సంతలు అందుబాటులోనికి వచ్చినవి. కాని కంపెనీ పెట్టిన ధనముపై ఏటా 5 శాతము రాబడికి ప్రభుత్వము హామీ ఇచ్చియుండెను. రైలుకు రాబడి తగ్గినచో ఆ లోటును ప్రజల పన్నులనుండి పూడ్చవలసి వచ్చెడిది. అనగా బావి ఎండినను మోటారువాని పాలు తప్పలేదు. మార్గము మంచిదే, ఒప్పందములో నష్టభారమంతయు ఒకవైపే పడినది.

బీ.టీ. ప్రత్తి రాక

ప్రత్తి విషయమునకు వత్తము. మహారాష్ట్రలోని జాల్నాలో 1964లో స్థాపింపబడిన మహికో విత్తన కంపెనీలో అమెరికాకు చెందిన మోన్‌శాంటో కంపెనీ 1998లో 26 శాతము వాటా కొనెను. ఇరువురును చెరిసగము వాటాతో మరియొక సంస్థను నెలకొల్పిరి. నేలలోనుండు ఒక సూక్ష్మజీవి జన్యువును ప్రత్తిలో ప్రవేశపెట్టి, కాయతొలుచు పురుగులను తట్టుకొను సంకర విత్తనములను తయారుచేసిరి. కేంద్ర ప్రభుత్వము 2002 మార్చిలో వీని సాగుకు అనుమతించెను.

అంతకుముందు శనగపచ్చ పురుగు కొరకు మాటిమాటికి మందులు చల్లి అప్పులపాలైన రైతులకు ఇది గొప్ప ఉపశమనము. చల్లకముల సంఖ్య తగ్గినది. పది, పన్నెండేండ్లలోనే దేశపు ప్రత్తి విస్తీర్ణములో నూటికి తొంబది పాళ్లకు మించి బీ.టీ. విత్తనమే వ్యాపించెను. అయినను అన్ని సంకరములు అన్ని నేలలకు సరిపడలేదు. మొదట అనుమతించిన మూడు సంకరములకు 2005లో ఆంధ్రప్రదేశమున అనుమతి నిరాకరింపబడెను.

ధర తగ్గిన విధము

2005 నాటికి 450 గ్రాముల పొట్లము ధర సుమారు 1,850 రూపాయలు. అందులో సుమారు 1,250 రూపాయలు జన్యువును వాడుకొన్నందుకు చెల్లించు రుసుమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్త వ్యాపారములను విచారించు కేంద్ర కమిషను నాశ్రయించెను. రుసుము తగ్గింపవలెనని కమిషను ఆదేశింపగా, రాష్ట్రములో పొట్లము ధర 750 రూపాయలుగా నిర్ణయింపబడెను. 2007లో రాష్ట్రము ప్రత్తి విత్తన ధరల చట్టము చేసెను. తరువాత కేంద్రమే దేశమంతటికి ధర నిర్ణయింప మొదలిడి, 2016లో రుసుమును 49 రూపాయలకు తగ్గించి, 2020లో పూర్తిగ తొలగించెను.

రెండవ పక్షపు వాదమును గూడ వినవలెను. పరిశోధనకు ఏండ్లకొలది కాలము, విస్తారమైన ధనము కావలెను. ప్రతిఫలము రానిచో క్రొత్త విత్తనము తెచ్చువారు వెనుకాడుదురు. 2016లో కలుపు మందును తట్టుకొను క్రొత్త ప్రత్తికై పెట్టిన దరఖాస్తును కంపెనీ ఉపసంహరించుకొనెను. కావున రుసుము అసలే యుండరాదనుట సరికాదు. బేరమాడుటకు పోటీదారులు లేనిచోట న్యాయమైన ధర నిర్ణయించుటకు ప్రభుత్వముండవలెను.

పురుగు తిరిగి వచ్చినపుడు

గులాబీరంగు కాయతొలుచు పురుగు క్రమముగ బీ.టీ. విషమునకు అలవాటుపడినది. ఈ మార్పు 2009లో గుజరాతు చేలలో కనబడినది. రెండు జన్యువుల విత్తనము సైతము తరువాత దానిని ఆపలేకపోయెను. ఇచట గమనింపవలసిన దొకటి కలదు. రుసుము విత్తనము కొన్ననాడే వసూలైనది. పంట పోయినపుడు ఆ నష్టము రైతుదే యైనది. రైలు హామీకిని దీనికిని పోలిక ఇందులోనే యున్నది. లాభములో పాలు తీసికొనువాడు నష్టములో ఎంత మోయుచున్నాడు? ఏ పెట్టుబడినైనను ఈ కొలతతోనే కొలువవలెను.

రైతులు చేయవలసిన పనులు

1. విత్తనము కొన్నపుడు రసీదు తప్పక తీసికొనుడు. ఖాళీ సంచిని పంట ముగియువరకు దాచుడు. విత్తన లోపమువలన నష్టపోయిన రైతు వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చునని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పినది.

2. బీ.టీ. కాని విత్తనమును విడిగా ఇచ్చినచో దానిని పారవేయక చేను చుట్టును విత్తుడు. పురుగు త్వరగా అలవాటు పడకుండుటకే దానిని ఇత్తురు.

3. విత్తిన 45 రోజులనుండి ఎకరమునకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు ఉనికిని కనిపెట్టుడు. గుడ్డిపూలను ఏరి నాశనము చేయుడు.

4. పంటను డిసెంబరుతో ముగించి, కట్టెను చేనిలో నిలువ యుంచక తొలగింపుడు.

5. తేలిక నేలలలో ప్రత్తినే నమ్ముకొనక కంది, వేరుశనగ, కొర్రలకు చోటిండు. ప్రత్తియే వేయదలచినచో నంద్యాల పరిశోధనా స్థానమున రూపొందించిన నరసింహ వంటి సూటిరకములను గూర్చి విచారింపుడు. వీని విత్తనమును రైతు తానే నిలువచేసికొని మరుసటి ఏడు వాడుకొనవచ్చును. సంకర విత్తనమునకు ఈ సౌకర్యము లేదు.

6. ఏ కంపెనీయైనను విత్తనోత్పత్తికో, భూమి కౌలుకో ఒప్పందము కోరినచో సంతకమునకు ముందు మూడు ప్రశ్నలడుగుడు. ధరను ఎవరు నిర్ణయింతురు? పంట చెడినచో నష్టమెవరిది? ఒప్పందము ముగిసిన పిదప మన చేతిలో మిగులునదేమి? జవాబులు కాగితముమీద వ్రాయించుకొనుడు. నోటిమాటగా నున్న హామీ కోర్టులో నిలుచుట కష్టము.

పరదేశపు ధనమని భయపడ పనిలేదు; పరదేశపు విత్తనమని మురిసిపోవ పనిలేదు. ఒప్పందమును చదివి, లెక్క చూచుకొని ముందడుగు వేయు రైతునకు ఆ ధనము ఉపకరించును.