లండన్ పెద్ద హోటళ్ళలో మన పోపు ఘుమఘుమ!

మీ అమ్మాయో, అబ్బాయో లండన్‌లో ఉద్యోగం చేస్తున్నారా? పురుడు పొయ్యడానికో, మనవడి పుట్టినరోజుకో మీరూ ఓసారి వెళ్ళొచ్చే ఉంటారు. లేదంటే రేపో మాపో వెళ్తారు. వెళ్ళాక ఏదో ఒక శనివారం సాయంత్రం పిల్లలు ఈ మాట అనక మానరు: "అమ్మా, ఇవాళ వంట మానెయ్. మంచి ఇండియన్ రెస్టారెంట్‌కి వెళ్దాం."

తీరా అక్కడ కూర్చుని మెనూ తెరిస్తే గుండె గుభేలుమంటుంది. పౌనంటే నూరు రూపాయల పైమాటే కదా! ఈ చిన్న గిన్నెడు పప్పు ఖరీదుతో మనింట్లో నెలకి సరిపడా కందిపప్పు వచ్చేస్తుందే అని మనసు గబగబా లెక్క కట్టేస్తుంది. "ఇంత డబ్బు పోసి మనింటి వంటే తినాలా?" అనిపించడం సహజం. ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే ముందు ఈ హోటళ్ళ కథ కాస్త తెలుసుకోవాలి.

రెండు వందల ఏళ్ళ నాటి మాట

లండన్‌లో మనవాళ్ళు హోటలు పెట్టడం నిన్నమొన్నటి సంగతి కాదు. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన 1810లోనే అక్కడ 'హిందుస్తానీ కాఫీ హౌస్' తెరిచారు. కూరలూ, అన్నమూ, పక్కనే హుక్కా! కానీ పాపం, రెండేళ్ళు తిరక్కుండానే దివాలా తీశారు. అప్పటి దొరలకి ఇండియా కూరలు ఇంట్లో వండించుకోవడమే అలవాటు.

ఆ తరువాత చెప్పుకోవలసినది రీజెంట్ స్ట్రీట్‌లో 1926లో మొదలైన 'వీరాస్వామి'. పేరు చూసి మన నెల్లూరు వైపు వాళ్ళేమో అనుకుంటాం. పెట్టింది మాత్రం ఎడ్వర్డ్ పామర్. ఆయన ముత్తాత జనరల్ విలియం పామర్, ముత్తవ్వ ఫైజ్ బక్ష్ బేగం. ఈ పామర్ల వంశానికి మన హైదరాబాదుతో గట్టి సంబంధమే ఉంది. జనరల్ గారి కొడుకు, ఆయన పేరూ విలియమే, నిజాం రాజ్యంలో 'పామర్ అండ్ కంపెనీ' పేరుతో వడ్డీ వ్యాపారం చేసి ఒక వెలుగు వెలిగాడు. ఆ ఇంటి నుంచే లండన్‌లో ఈ హోటలు పుట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు ఊరూరా 'కర్రీ హౌస్'లు పెట్టారు. ఉల్లిపాయలతో పెద్ద డేగిసాడు గ్రేవీ ఒకటి ముందే కాచి ఉంచేవారు. అందులో కారం పెంచితే ఒక కూర, తగ్గించి మీగడ కలిపితే ఇంకో కూర! ఇండియా వంటంటే ఇంతే, చవగ్గా దొరికేదే అని ఇంగ్లీషువాళ్ళు చాలాకాలం అనుకున్నారు.

ఆ అభిప్రాయాన్ని మార్చినవాళ్ళలో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు. తాజ్ హోటళ్ళ సంస్థ 1982లో లండన్‌లో 'బాంబే బ్రాసరీ' తెరవడం వెనుక ఉన్నది కమీలియా పంజాబీ. ఒకే గ్రేవీ కాకుండా గోవా వంట గోవా వంటలా, పంజాబీ వంట పంజాబీ వంటలా వడ్డించారక్కడ. ఆవిడ సోదరి నమిత, భర్త రంజిత్ మత్రానీతో కలిసి 1990లో 'చట్నీ మేరీ' ప్రారంభించారు. ఏ ప్రాంతం రుచి ఆ ప్రాంతానిదే అని తెల్లవాళ్ళకి తినిపించి మరీ నేర్పారన్నమాట.

స్టారంటే ఏమిటి?

పిల్లలు "దీనికి మిషెలిన్ స్టార్ ఉందమ్మా" అంటారు. మిషెలిన్ అంటే ఫ్రాన్సులో టైర్లు తయారుచేసే కంపెనీ! కార్లలో తిరిగేవాళ్ళ కోసం 1900లో ఒక పుస్తకం వేసింది. మంచి భోజనం దొరికేచోటికి 1926 నుంచి నక్షత్రం గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. తరువాత రెండు, మూడు నక్షత్రాలూ వచ్చాయి. పరీక్షించేవాళ్ళు తామెవరో చెప్పకుండా మామూలుగా వచ్చి తిని, బిల్లు కట్టి వెళ్ళిపోతారు.

భారతీయ వంటకి మొదటిసారి ఈ గౌరవం దక్కింది 2001లో, లండన్‌లోనే. 'టామరిండ్'లో అతుల్ కొచ్చర్, 'జైకా'లో వినీత్ భాటియా ఒకే ఏడాది సాధించారు. టామరిండ్ అంటే ఏమిటనుకున్నారు? మన చింతపండే! శ్రీరామ్ ఐలూర్ కేరళ, గోవా, కర్ణాటక తీరాల వంటలు వండే 'క్విలాన్'కి 2008లో వచ్చింది. తొంభై ఏళ్ళ వయసులో, 2016లో, వీరాస్వామికీ వచ్చింది. సేఠీ కుటుంబంలోని అన్నదమ్ములూ చెల్లెలూ నడిపే 'జింఖానా' 2024లో రెండో స్టార్ కూడా అందుకుంది.

చైనా వంట కథా ఇలాంటిదే. ఎలన్ యావ్ 2001లో పెట్టిన 'హక్కాసాన్' దాన్ని ఖరీదైన భోజనంగా నిలబెట్టింది. ఆండ్రూ వాంగ్ అయితే తల్లిదండ్రులు నడిపిన మామూలు హోటలునే తీసుకుని 'ఎ. వాంగ్'గా మార్చాడు. ఆ 'ఎ' తన పేరులోది కాదట. తండ్రి ఆల్బర్ట్, తల్లి ఆనీ పేర్లలోని మొదటి అక్షరం! 2021లో దానికి రెండో స్టార్ వచ్చింది. మన ఆవిరి కుడుముల్లాంటి డిమ్ సమ్‌లు అక్కడ ఒక్కొక్కటిగా, నగల్లా వడ్డిస్తారు.

అంత ఖరీదెందుకంటారా? మేఫెయిర్ లాంటి చోట అద్దె, పనివాళ్ళ జీతాలు, నూటికి 20 చొప్పున పన్ను... అన్నీ ఆ పప్పు గిన్నెలోనే కలిసి ఉంటాయి. మీరు పప్పుకొక్కదానికే డబ్బిస్తున్నారని అనుకోకండి.

మరి ఆడవాళ్ళేరీ?

పైన చెప్పిన వంటవాళ్ళ పేర్లు మళ్ళీ ఓసారి చూడండి. అతుల్, వినీత్, శ్రీరామ్, ఆండ్రూ... అందరూ మగవాళ్ళే! ఇంట్లో మూడు పూటలా వండేది మనం. అదే వంటకి జీతమూ, పేరూ వచ్చేచోట మాత్రం మనం కనబడం. మనం వండితే అది 'ఇంటిపని', వాళ్ళు వండితే 'కళ'. ఇదెక్కడి న్యాయం?

ఈ ప్రశ్న వేసి ఊరుకోకుండా జవాబు కూడా చూపించినావిడ అస్మా ఖాన్. కలకత్తా అమ్మాయి. పెళ్ళయి 1991లో కేంబ్రిడ్జికి వచ్చేనాటికి ఆవిడకి వంటే రాదు! ఇంటిమీద బెంగతో, అమ్మ చేతి రుచి కోసం తపించి, పుట్టింటికి వెళ్ళి మరీ నేర్చుకున్నారు. మరోపక్క చదువూ మానలేదు. లండన్ కింగ్స్ కాలేజీలో రాజ్యాంగ చట్టంలో డాక్టరేట్ తీసుకున్నారు. 2012లో ఇంట్లోనే, డబ్బు తీసుకుని అతిథులకి భోజనం పెట్టడం మొదలుపెట్టారు. చెయ్యి సాయానికి వచ్చినవాళ్ళు ఎవరనుకున్నారు? ఇతరుల పిల్లల్ని చూసుకునే ఆయాలు, పిల్లల్ని బడిలో దింపడానికి వచ్చే గృహిణులు.

2017లో సోహోలో 'డార్జిలింగ్ ఎక్స్‌ప్రెస్' హోటలు తెరిచినప్పుడు ఆవిడ వంటల కాలేజీలో చదివినవాళ్ళని వెతుక్కోలేదు. ఆ ఆడవాళ్ళనే పొయ్యి దగ్గర నిలబెట్టారు. వాళ్ళకి తెలిసిందల్లా ఇంట్లో అమ్మ దగ్గరా, అమ్మమ్మ దగ్గరా నేర్చుకున్న వంటే. ఆ వంటకే జనం ముందుగా టేబుళ్ళు బుక్ చేసుకుని మరీ వచ్చారు. 2019లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు తమ 'షెఫ్స్ టేబుల్'లో ఆవిడ కథ చూపించారు.

ఇంకో సంగతి వింటే మీ కళ్ళు చెమరుస్తాయి. అస్మా తన ఇంట్లో రెండో ఆడపిల్ల. రెండోసారీ ఆడపిల్లేనా అని పెదవి విరిచే లోకం మనకి తెలిసిందేగా! అందుకే రెండో కూతుళ్ళ పుట్టుకని కూడా పండగలా జరిపించాలని 'సెకండ్ డాటర్స్ ఫండ్' పేరుతో ఒక నిధి పెట్టారు.

మీరు వెళ్తే ఇవి గుర్తుంచుకోండి

* మధ్యాహ్నం 'సెట్ లంచ్' ఉందేమో పిల్లల్ని కనుక్కోమనండి. రాత్రి భోజనం కన్నా బాగా తక్కువలో అదే వంట, అదే మర్యాద దొరుకుతుంది.

* 'టేస్టింగ్ మెనూ' అంటే చిన్న చిన్న పళ్ళాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. మొదటిది చూసి "ఇంతేనా!" అని కంగారుపడకండి.

* మంచినీళ్ళ సీసాకి డబ్బు తీసుకుంటారు. 'ట్యాప్ వాటర్' అడగండి. మద్యం లైసెన్సున్న చోట అది ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండులో చట్టమే ఉంది.

* బిల్లులో సాధారణంగా 12.5 శాతం 'సర్వీస్ చార్జి' వేస్తారు. చాలాచోట్ల అది మీ ఇష్టం మీద ఆధారపడిందే. 2024 అక్టోబర్ 1 నుంచి ఆ సొమ్ము పనివాళ్ళకే చెందాలని చట్టం వచ్చింది. అది కట్టాక మళ్ళీ విడిగా టిప్పు ఇవ్వనక్కర్లేదు.

* శాకాహారులు చైనా, థాయ్, జపాన్ హోటళ్ళలో జాగ్రత్తగా ఉండాలి. కూరగాయలే కదా అనుకున్న వేపుడులో ఆల్చిప్పలతో చేసిన ఆయిస్టర్ సాస్ ఉండొచ్చు. థాయ్ కూర ముద్దలో రొయ్యలూ, జపాన్ సూపులో ఎండుచేపా ఉంటాయి. మాపో టోఫూలో తరచు మాంసం కీమా వేస్తారు. చేపలు, రొయ్యలు, ఆల్చిప్పలు, గుడ్లు, పాలు, ఆవాలు, వేరుశెనగలు మొదలైన 14 పదార్థాల్లో ఏది దేనిలో ఉందో అడిగితే చెప్పి తీరాలని అక్కడి చట్టం. మొహమాటం లేకుండా అడగండి.

* ఫోర్కు, కత్తి పట్టుకోవడం రాదని చిన్నబోకండి. నాన్, దోసె చేత్తో తినడం అక్కడా మామూలే.

మన నోటు పుస్తకం

ఈ హోటళ్ళన్నీ వెతుక్కుంటున్నది ఏ ఊరి రుచి ఆ ఊరిదే అయిన వంటని. అలాంటి వంటలు ఎక్కడున్నాయి? మీ అత్తగారి చేపల పులుసులో, మీ అమ్మ పెట్టే గోంగూర పచ్చడిలో, ఊళ్ళో పెద్దమ్మ చేసే ఉలవచారులో ఉన్నాయి. కానీ మనం "కాస్త ఉప్పు, కాస్త కారం, చేతికొచ్చినంత చింతపండు" అంటాం. ఆ చెయ్యి ఆగిపోతే ఆ రుచీ ఆగిపోతుంది.

అందుకే ఈ ఆదివారం ఒక నోటు పుస్తకం తీసుకుని వంటింట్లో పెద్దావిడ పక్కన నిలబడండి. పిడికెడంటే ఎన్ని చెంచాలో, ఎంతసేపు మరిగిస్తారో, పోపులో ఏది ముందో ఏది వెనకో కొలిచి రాయండి. పైన ఆవిడ పేరు రాయడం మరిచిపోకండి. ఆ వంట రేపు మీ మనవరాలు లండన్‌లో వండుకున్నా, హోటలే పెట్టుకున్నా, అది ఎవరి చేతి వంటో తెలియాలి కదా!