మంచాన పడకూడని రోగి

ఆటలో పడి కాలు విరిగితే మనకేం చేస్తారు? ఎముకలను సరిచేసి, పిండికట్టు వేసి, కదలకుండా మంచం మీద పడుకోబెడతారు. అమ్మ అన్నం కూడా అక్కడికే తెచ్చి పెడుతుంది. కొన్ని వారాలలో ఎముక దానంతటదే అతుక్కుంటుంది.

మరి గుర్రానికి కాలు విరిగితే? చాలాకాలం వరకు దానికి తెలిసిన వైద్యం ఒక్కటే, తుపాకి గుండు. వినడానికి ఎంత క్రూరంగా ఉందో చూశారా! గుర్రపు ఎముక అతకదని కాదు. అది కూడా మన ఎముకలాగే అతుకుతుంది. అతికేలోగా గుర్రాన్ని బతికించుకోవడమే కష్టం. శస్త్రచికిత్స డాక్టరు కొన్ని గంటల్లో ముగిస్తాడు. ఆ తరువాత వారాలు, నెలలు సాగే పోరాటం చాలావరకు నర్సులదే.

గుర్రాలకు నర్సులా అని ఆశ్చర్యపోకండి. బ్రిటన్‌లో గుర్రాల నర్సింగుకు ప్రత్యేకమైన చదువు, పరీక్షలు ఉన్నాయి. అమెరికాలో ఈ పని చేసేవారిని వెటర్నరీ టెక్నీషియన్లు అంటారు. వారి పని ఎంత కష్టమో తెలియాలంటే బార్బారో అనే గుర్రం కథ వినాలి.

నీళ్ళలో మెలకువ

బార్బారో మూడేళ్ళ పందెపు గుర్రం. 2006 మే 6న అమెరికాలో ప్రసిద్ధమైన కెంటకీ డెర్బీ పందెం గెలిచింది. రెండు వారాల తరువాత, మే 20న, బాల్టిమోర్ నగరంలో మరో పెద్ద పందెం జరిగింది. లక్షమందికి పైగా చూస్తుండగా, పందెం మొదలైన కొద్దిసేపటికే దాని కుడి వెనుక కాలు విరిగింది. రౌతు వెంటనే కళ్ళెం బిగించి ఆపి, కిందికి దిగి, గుర్రం కదలకుండా పట్టుకున్నాడు. ఆ ఎముకలు ఎలా విరిగాయంటే, గిట్టకు పైనున్న ఒక్క ఎముకే ఇరవైకి పైగా ముక్కలయింది.

ఆ సాయంత్రమే గుర్రాన్ని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ సెంటర్ అనే ఆసుపత్రికి చేర్చారు. మరునాడు డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్, ఆయన బృందం అయిదు గంటలకు పైగా శ్రమించి, ఉక్కు పలక ఒకటి అమర్చి, 27 స్క్రూలతో ఆ ముక్కలను బిగించారు.

అసలు ప్రమాదం ఆ తరువాతే. మత్తు దిగుతున్న గుర్రానికి తాను ఎక్కడున్నదీ తెలియదు. అది పుట్టుకతో పారిపోయే జంతువు. అడవిలో పడిపోయిన గుర్రాన్ని పులి తినేస్తుంది. అందుకే మెలకువ రాగానే గింజుకొని లేవబోతుంది. అయిదు వందల కిలోల బరువు ఒక్కసారిగా అప్పుడే అతికించిన కాలిమీద పడితే చేసిన పనంతా వృథా. దీనికి ఆ ఆసుపత్రివారు ఒక ఉపాయం కనిపెట్టి ఉంచారు. మత్తులో ఉన్న గుర్రాన్ని క్రేనుతో ఎత్తి, కాళ్ళు దూర్చడానికి తొడుగులున్న రబ్బరు తెప్పలో పెట్టి, గోరువెచ్చని నీటి కొలనులోకి దించుతారు. అది ఎంత గింజుకున్నా కాళ్ళు నీళ్ళలోనే ఆడతాయి. ఆర్కిమెడీస్ సూత్రం మీకు తెలుసుకదా! తెప్ప తొలగించిన నీటి బరువే ఇక్కడ గుర్రాన్ని మోస్తున్నది. పూర్తిగా తెలివి వచ్చాక దాన్ని మళ్ళీ క్రేనుతోనే ఎత్తి కొట్టంలో నిలబెడతారు. బార్బారో అలాగే లేచి నిలబడింది.

ఎందుకు పడుకోబెట్టరు?

ఇంత తిప్పలు పడేకంటే హాయిగా పడుకోబెట్టవచ్చుగదా అని మీకు అనిపించవచ్చు. గుర్రం శరీరం అందుకు ఒప్పుకోదు. కాళ్ళలోని కండరాలు, ఎముకలను కట్టిపట్టే బంధనాలు ఒక గొళ్ళెంలా బిగుసుకోవడంవల్ల అది నిలబడే కునుకు తీయగలదు. గాఢనిద్రకు మాత్రం కొద్దిసేపు పడుకుంటుంది. గంటల తరబడి ఒకే పక్కన పడుకుంటే దాని బరువే దానికి శత్రువు. కిందనున్న కండరాలు నలిగి, వాటికి రక్తం అందదు. కిందివైపు ఊపిరితిత్తి అణగిపోయి సరిగా విప్పుకోదు. చర్మం ఒరుసుకొని పుండ్లు పడతాయి. కదలిక తగ్గితే ప్రేగులు కూడా మందగిస్తాయి. అందుకే గుర్రాన్ని వీలైనంతవరకు నిలబెట్టే కాపాడాలి.

మాట్లాడని రోగిని చదవడం

గుర్రం తన బాధ చెప్పలేదు. అంతేకాదు, చాలాసార్లు దాచుకుంటుంది కూడా. కాబట్టి నర్సు గంట గంటకు కొన్ని గుర్తులు చూసి కాగితం మీద రాస్తుంది.

మొదటిది నాడి. మీ మణికట్టు మీద వేళ్ళు పెట్టి లెక్కించండి. నిమిషానికి సుమారు 70 నుంచి 90 దాకా ఉంటుంది. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి అది 28 నుంచి 44 మాత్రమే! దవడ ఎముక కింద సాగే రక్తనాళం మీద వేళ్ళుంచితే ఈ నాడి తెలుస్తుంది. కడుపునొప్పితో ఉన్న గుర్రానికి నాడి 60 దాటి తగ్గకుండా ఉంటే నర్సు వెంటనే డాక్టరును పిలుస్తుంది. మనకు 60 మామూలే, గుర్రానికి అపాయం. ఏ జంతువుకు ఎంత ఉండాలో తెలియకపోతే అంకెకు అర్థమే లేదు.

రెండవది చిగుళ్ళు. మీ వేలిగోటిని నొక్కి వదలండి. తెల్లబడిన చోట మళ్ళీ ఎరుపు వస్తుంది. గుర్రపు చిగురును కూడా నర్సు అలాగే నొక్కి వదులుతుంది. రెండు సెకండ్లలోపు రంగు తిరిగివస్తే రక్తప్రసరణ బాగున్నట్లు. ఆలస్యమైతే, లేక చిగుళ్ళు ముదురు ఎరుపుకో ఊదా రంగుకో తిరిగితే ప్రాణాపాయం దగ్గరపడుతున్నట్లు.

మూడవది ప్రేగుల చప్పుడు. స్టెతస్కోపును పొట్టకు రెండు పక్కలా, పైనా కిందా, నాలుగు చోట్ల పెట్టి వింటుంది. గుడగుడలు వినిపిస్తే మంచిది. నిశ్శబ్దం మంచిది కాదు.

వీటితోపాటు ఉష్ణోగ్రత, శ్వాస, పేడ, మూత్రం, మేత, గిట్టల వేడి అన్నీ రాస్తుంది. ఒక్క అంకె చూస్తే ఏమీ తెలియకపోవచ్చు. నాడి మొదటి గంటలో 40, రెండవ గంటలో 48, మూడవ గంటలో 56 అని వరుసగా చూస్తే రాబోయే ముప్పు కనిపిస్తుంది.

ఇదంతా చేసేటప్పుడు నర్సు తన ప్రాణం కూడా చూసుకోవాలి. గుర్రానికి సరిగ్గా తన వెనుక ఉన్నది కనపడదు. అందువల్ల మాట్లాడుతూ, భుజం వైపునుంచి దగ్గరికి వెళ్ళాలి. కాలికి కట్టు కట్టేటప్పుడు మోకాళ్ళూని కూర్చోకూడదు, గొంతుక్కూర్చోవాలి. అప్పుడే తన్నబోతే చప్పున తప్పుకోవచ్చు.

వాంతి చేసుకోలేని జంతువు

గుర్రాలను అత్యవసరంగా ఆసుపత్రికి తెచ్చే ముఖ్యకారణాలలో కడుపుశూల ఒకటి. మనకు కడుపులో తేడా చేస్తే వాంతి అవుతుంది. గుర్రానికి ఆ అదృష్టం లేదు. అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసేచోట ఉండే కండరం చాలా గట్టిది. లోపలికి పోయినది వెనక్కి రానివ్వదు. ప్రేగు మెలిపడి దారి మూసుకుపోతే ద్రవమంతా జీర్ణాశయంలోకి ఎదురెక్కుతుంది. జీర్ణాశయం పట్టేది 8 నుంచి 15 లీటర్లు. అది మించితే పగిలిపోతుంది. ఇక గుర్రం దక్కదు.

అందుకని ముక్కులోనుంచి జీర్ణాశయం దాకా పొడవైన గొట్టం వేస్తారు. గొట్టాన్ని నీటితో నింపి, బయటి కొనను కిందనున్న బకెట్టులోకి వంచితే లోపలి ద్రవం దానంతటదే దిగుతుంది. మీరు పాఠంలో చదివిన సైఫన్ ఇదే! నర్సు బకెట్టులో పోసిన నీళ్ళెన్ని, వచ్చిన ద్రవమెంత అని కొలిచి, తేడా రాసి పెడుతుంది.

పోయిన నీటిని తిరిగి రక్తంలోకి ఎక్కించాలి. మనకు అరలీటరు సెలైన్ సీసా కడతారు. 500 కిలోల గుర్రానికి రోజువారీ అవసరమే సుమారు 25 లీటర్లు. జబ్బు చేస్తే ఇంకా ఎక్కువ. అందుకే అయిదు లీటర్ల సంచులను పైకప్పుకు వేలాడదీసి, మెడలోని పెద్ద సిరలోకి గొట్టం పెడతారు. సంచి ఎంత ఎత్తున ఉంటే ద్రవం అంత వేగంగా దిగుతుంది. సిర వాచిందా, గొట్టం మెలిపడిందా అని చూస్తూ, సంచి ఖాళీ కాకముందే మరొకటి తగిలించడం అర్ధరాత్రి అయినా నర్సు పనే.

మంచి కాలికి వచ్చిన ముప్పు

మళ్ళీ బార్బారో దగ్గరికి వద్దాం. విరిగిన కాలు మెల్లగా అతుక్కుంటున్నది. అంతలో, 2006 జూలైలో, విరగని ఎడమ వెనుక కాలికి జబ్బు వచ్చింది. దాని పేరు లామినైటిస్.

గుర్రం ఒక్కొక్క కాలికి ఒక్క వేలి మీదనే నిలుస్తుంది. గిట్ట అంటే ఆ వేలిగోరే. లోపలి ఎముకను గిట్టగోడకు అంటిపెట్టి ఉంచేవి కొన్ని వందల పలుచని పొరలు. నడిచేటప్పుడు బరువు పడుతూ, తొలగుతూ ఉంటే ఆ పొరలలోకి రక్తం సరిగా పారుతుంది. నొప్పికాలిని తేలికగా ఉంచి ఎప్పుడూ మంచికాలి మీదనే నిలబడితే పొరలకు రక్తం చాలక అవి తెగుతాయి. అప్పుడు ఎముక గిట్టనుంచి విడిపోతుంది. ఆ నొప్పి భరించరానిది.

డాక్టర్లు ఆ గిట్టగోడలో సుమారు 80 శాతం తీసివేయవలసి వచ్చింది. అది మళ్ళీ పెరగడానికి నెలలు పడుతుంది. నర్సులు రోజూ కట్లు మార్చారు. కాళ్ళ మీద భారం తగ్గించడానికి పొట్ట కింద పట్టీ వేసి కొంతసేపు వేలాడదీసి ఉంచారు. విరిగిన ఎముకలు చాలావరకు అతుక్కున్నాయి కూడా. కాని చివరకు ముందుకాళ్ళకు కూడా లామినైటిస్ పాకింది. నిలబడడానికి ఒక్క మంచికాలు కూడా మిగలలేదు. 2007 జనవరి 29న, ఇక నొప్పి తప్ప మరేమీ ఇవ్వలేమని గ్రహించి, యజమానులు, డాక్టర్లు కలిసి దానికి బాధలేని మరణం ఇచ్చారు.

ఎనిమిది నెలల శ్రమ వృథాయేనా? కాదు. మంచికాలిని మొదటి రోజునుంచే కాపాడుకోవాలని ఈ కథ లోకానికంతటికీ చెప్పింది. తీవ్రమైన విరేచనాలవంటి జబ్బులవల్ల వచ్చే లామినైటిస్‌ను, కాళ్ళను రోజుల తరబడి మంచులో ఉంచి చాలావరకు ఆపవచ్చని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు చూపించారు. ఆ మంచు కరగకుండా రాత్రంతా నింపుతూ ఉండేది కూడా నర్సులే.

మీరు చేయగలిగినది

మీ ఊళ్ళో జట్కాకో, పెళ్ళి ఊరేగింపుకో ఉన్న గుర్రం మేత మాని, మాటిమాటికి పొట్టవైపు తిరిగి చూస్తూ, కాలితో నేల తవ్వుతూ, పడి దొర్లుతూ ఉంటే అది కడుపుశూల కావచ్చు. దగ్గరికి పోకండి. మేత తీసివేయమని, ఏ మందూ పట్టవద్దని, వెంటనే పశువైద్యుణ్ణి పిలవమని దాని యజమానికి చెప్పండి. ఎప్పుడు మొదలైంది, చివరిసారి పేడ ఎప్పుడు వేసింది, ఎన్నిసార్లు దొర్లింది అనేవి గడియారం చూసి కాగితం మీద రాయండి. డాక్టరు రాగానే మొదట అడిగేవి అవే.