మీకు తెలుసా? కొత్త రింగులకు ఖాళీ హైవే నచ్చదు

ఇంజన్ దించి, బోరు చేయించి, పిస్టన్ రింగులు మార్చిన టర్బో కారును పెబ్బేరు, బీచుపల్లి మీదుగా 44వ నంబరు హైవేపై మొదట్లో గంటల తరబడి ఒకే వేగంతో నడపకూడదు. సానబట్టే పని, అంటే హోనింగ్ చేసినప్పుడు సిలిండర్ గోడ మీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు పడతాయి. వాటి మొనలు అరిగిపోకముందే రింగులు గోడకు పట్టుకోవాలి. రింగులను గోడకు బాగా అదిమేది మండిన గ్యాస్ ఒత్తిడి. అందుకే ఇంజన్ మీద లోడు పడాలి, వదలాలి. ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు తగిలే వనపర్తి–నాగర్‌కర్నూల్ దారే ఇందుకు నయం! గంటసేపు ఐడిల్‌లో ఉంచడం మరీ చేటు. గోడ గాజులా నున్నబడి, బండి ఆయిల్ తాగడం మొదలెడుతుంది.

టర్బోది వేరే గొడవ. నిమిషానికి లక్షకు పైగా తిరిగే దాని ఇరుసు సాధారణంగా పలుచటి ఆయిల్ పొర మీదే తేలుతుంది. అందుకే తెలిసిన మేస్త్రి ఆయిల్ పైపు బిగించే ముందే టర్బోలో కాస్త ఆయిల్ పోసి, చక్రాన్ని వేలితో తిప్పుతాడు. తర్వాత ఇంధనం అందకుండా సెల్ఫ్ కొట్టి, ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేస్తాడు. రింగులు కుదిరేదాకా ఫుల్ బూస్ట్ జోలికి పోకూడదు. మొదటి ఆయిల్‌ను, ఫిల్టర్‌ను త్వరగా మార్చేయాలి, అందులో లోహపు పొడి ఉంటుంది.