గర్భసంచి తీయడానికి ఇంత తొందరెందుకు?

చీరాల నుంచి బాపట్ల వెళ్లే దారిలో ఈపురుపాలెం మగ్గాల ఊరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ప్రకాశంలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. నేత ఇళ్లలో నూలు తోడటం, కండెలు చుట్టడం, పైన వంటా వార్పూ, అన్నీ ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తాయి. పని ఆగితే కూలి ఆగుతుంది. అందుకే నెలసరిలో విపరీతంగా రక్తం పోయినా, తెల్లబట్ట వేధించినా మన కోస్తా పల్లెల్లో ఆడది ముందు ఓర్చుకుంటుంది. ఓపిక చచ్చి డాక్టరు దగ్గరికి వెళితే చాలాచోట్ల వినపడేది ఒకటే మాట: "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించేసుకో అమ్మా!"

ఈ కత్తి వెనక పాత చరిత్ర ఉంది. స్త్రీల శస్త్రచికిత్స నొప్పితో మొదలైంది. 1809లో అమెరికాలోని కెంటకీలో ఎఫ్రయిం మెక్‌డొవెల్ మత్తు లేకుండానే జేన్ క్రాఫర్డ్ కడుపు కోసి, అండాశయంలోని పెద్ద కణితిని తీశాడు. ఆమె బతికింది. 1840లలో అలబామాలో మారియన్ సిమ్స్ కాన్పులో చిరిగిన మూత్రాశయాన్ని కుట్టడం నేర్చుకున్నది అనార్కా, బెట్సీ, లూసీ అనే బానిస స్త్రీల దేహాల మీద. అనార్కాకు మత్తివ్వకుండా దాదాపు 30 సార్లు ఆపరేషన్ చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న అతని విగ్రహాన్ని 2018లో తొలగించారు. ఆ ముగ్గురి పేర్లు కూడా వైద్య విద్యార్థులకు చెప్పాలి.

మన వైపు ఈ విద్య మరో దారిలో వచ్చింది. మగ డాక్టరుకు చూపించుకోలేక కాన్పుల్లో ఆడవాళ్లు చనిపోతున్న రోజుల్లో, 1883లో అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గుంటూరు చేరారు. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ప్రాణం నిలపడానికి కత్తి పట్టిన మనిషి ఆవిడ.

ఇప్పుడు అదే కత్తి గర్భసంచి మీద ఎంతగా పడుతోందో లెక్క చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో (2015-16), 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం! దేశంలో వీటిలో ఎక్కువ భాగం జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు ఎక్కువయ్యాయన్న విమర్శలు రావడంతో, తర్వాత పథకం కింద ప్రైవేటులో చేయకుండా కట్టడి చేశారు. కుటుంబ నియంత్రణలోనూ కోత ఆడవాళ్లకే. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లు మన రాష్ట్రంలో ఒక్క శాతం కూడా లేరు.

క్యాన్సర్ వచ్చినా, మందులకు లొంగని రక్తస్రావమైనా ఆపరేషన్ తప్పదు. కానీ తెల్లబట్టకు మందులున్నాయి. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, హార్మోను లూపు ఉంది. గర్భసంచిలో గడ్డ ఉంటే చాలాసార్లు అదొక్కటే తీసి సంచిని కాపాడవచ్చు. "క్యాన్సర్ అవుతుందేమో" అన్న భయం ఒక్కటే కారణమైతే ముందు పరీక్ష చేయించాలి. ముప్ఫై, నలభై ఏళ్లలోపే అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు పలచబడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. రోజంతా వంగి కూర్చుని కండెలు చుట్టే మనిషికి ఎముకలు పలచబడి నడుంనొప్పి వస్తే అది బతుకుతెరువునే దెబ్బతీస్తుంది. ఈ సంగతి సంతకం పెట్టించుకోకముందే, ఆమెకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి.

అనవసరపు ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం ఈ ఆపరేషన్లను గమనించే కమిటీ జిల్లా స్థాయిలోనూ ఉండాలి. బాపట్ల జిల్లాలో ఆ కమిటీ ఏం చేస్తోందో ఈపురుపాలెం ఆడవాళ్లు అడగాలి. జవాబు చెప్పాల్సింది అధికారులు.