పాత టేపు, కొత్త గాడి

బీటిల్స్ పాత ఆల్బమ్‌లు 2012లో స్టీరియో ఎల్పీలుగా మళ్లీ వచ్చాయి. రెండేళ్లు తిరక్కుండానే, 2014 సెప్టెంబరులో, 1963-68 నాటి రికార్డింగులు మోనోలో, అంటే ఒకే ధ్వని మార్గంలో, ఇంకోసారి వచ్చాయి. పాటలవే, బరువూ అదే 180 గ్రాములు. అయినా రికార్డులు సేకరించేవాళ్లలో చాలామంది ఆ మోనో రికార్డులకే ఎక్కువ విలువిస్తారు. ఎందుకో తెలియాలంటే గాడి ఎలా పుడుతుందో చూడాలి.

స్టూడియోలో మాస్టర్ టేపు తిరుగుతుంటే, ఆ సంకేతానికి తగ్గట్టు కదిలే ముల్లు లాకర్ పూసిన అల్యూమినియం పళ్లెం మీద గాడి చెక్కుతుంది. దాని మీద వెండి పూత, ఆపైన నికెల్ పొర వేసి అచ్చు తీస్తారు. రెండు అచ్చుల మధ్య వేడి పీవీసీ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు తయారు. అచ్చులు త్వరగానే అరిగిపోతాయి. అందుకే మంచి రీఇష్యూ కోసం మళ్లీ టేపు దగ్గర్నుంచే మొదలుపెట్టి కొత్తగా గాడి చెక్కాలి. ఏ టేపు, ఎవరి చెయ్యి అన్నదే అసలు ప్రశ్న.

ఆ చేతికి చాలా చిక్కులున్నాయి. మంద్ర స్వరాలకు గాడి అటూ ఇటూ బాగా ఊగుతుంది, చోటు మింగేస్తుంది. అందుకని చెక్కేటప్పుడు బేస్‌ను తగ్గించి, వినేటప్పుడు యాంప్లిఫయర్‌లో అంతే పెంచుతారు. అంత చేసినా, వినేటప్పుడు ముల్లు ఎగిరిపోతుందన్న భయంతో బీటిల్స్ రికార్డు కంపెనీ ఈఎంఐ ఇంజనీర్లు బేస్‌ను ఇంకాస్త అణిచేవారు. అమెరికన్ రికార్డుల్లో వినిపించే బేస్ తమకెందుకు రాదని బీటిల్స్ పట్టుబట్టాక, 1966లో ‘పేపర్‌బ్యాక్ రైటర్’ పాటను అక్కడి ఇంజనీరు టోనీ క్లార్క్ అంతకుముందుకన్నా గట్టిగా చెక్కారు.

ఇంకో చిక్కు వేగానిది. పళ్లెం నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి సాగితే, లేబుల్ దగ్గరకొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంతే శబ్దం సగం కన్నా తక్కువ పొడవులో ఇరుక్కోవాలి. తార స్వరాలు మసకబారేది అక్కడే. ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్ చివర్లో వచ్చే ఆ మహా పియానో నాదం పడింది సరిగ్గా ఆ ఇరుకులోనే!

ఇక మోనో సంగతి. మోనో గాడి పక్కలకే కదులుతుంది. స్టీరియో గాడికి పైకీ కిందికీ కదలిక కూడా ఉంటుంది. అయితే ఇక్కడ ముఖ్యమైంది మిక్సింగే, అంటే గొంతులనూ వాద్యాలనూ కలిపే పనే. 1967లో ‘సార్జెంట్ పెప్పర్స్’ మోనో మిక్స్ దగ్గర బీటిల్స్ స్వయంగా కూర్చున్నారు. స్టీరియో మిక్స్ వాళ్లు లేకుండానే అయిపోయింది. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ మోనోలో కాస్త వేగంగా, కాస్త పై శ్రుతిలో ఉంటుంది. నా చెవికి అదే అసలు పాట.

2012 రికార్డులను 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ డిజిటల్ ఫైళ్ల నుంచి చెక్కారు. 2014లో మాస్టరింగ్ నిపుణులు షాన్ మాగీ, స్టీవ్ బెర్కొవిట్జ్ ఆబీ రోడ్ స్టూడియోలో అసలు టేపులే తిప్పి, 1980ల నాటి నాయ్‌మన్ యంత్రం మీద చెక్కారు. మధ్యలో డిజిటల్ మెట్టు లేదు. అరవైలలో గాడి చెక్కిన ఇంజనీర్లు రాసిపెట్టుకున్న కాగితాలనూ ముందు పెట్టుకున్నారు. డిజిటల్ అనగానే నాసిరకం అనుకోవడం తప్పు, 44.1 కిలోహెర్ట్జ్ మనిషి చెవికి సరిపోతుంది. మోనో రికార్డులను గెలిపించింది ఆ మిక్సూ, ఆ కాగితాల మీద పెట్టిన శ్రద్ధా.

180 గ్రాముల బరువును చూసి మాత్రం డబ్బు పెట్టకండి. పళ్లెం మందమైనంత మాత్రాన గాడి మెరుగుపడదు. లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ నునుపు భాగాన్ని వెలుతురులో చూడండి. ఏ గాడి నుంచి వచ్చిన అచ్చో చెప్పే అంకెలు అక్కడుంటాయి. కలకత్తా దగ్గరి దమ్‌దమ్‌లో అచ్చయిన పాత బీటిల్స్ రికార్డులు చేతికొచ్చినా చూడాల్సింది అక్కడే. మోనో రికార్డు వినేటప్పుడు యాంప్లిఫయర్‌లో మోనో మీట ఉంటే నొక్కండి. ముల్లు పైకీ కిందికీ ఎగిరినప్పుడు పుట్టే దుమ్ము చిటపటలు చాలావరకు రద్దయిపోతాయి, పాటకు ఏమీ కాదు.