పాట కాగితమెక్కిన ఊరు

మదనపల్లె అనగానే జనానికి టమాటాల సంత గుర్తొస్తుంది. "జనగణమన" రాగాన్ని మా ఊళ్ళో కూర్చుని కాగితం మీద పెట్టారంటే మాత్రం, చదువుకున్నవారు కూడా "నిజమేనా?" అంటారు. నిజమే.

రవీంద్రనాథ ఠాకూరు తానే పాట రాసి, తానే వరస కట్టి, తానే పాడగల మనిషి. ఈ పాటను మొదట 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడారు. ఏడేళ్ళు దాటాక, 1919 ఫిబ్రవరిలో, ఆయన మా ఊరి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి అతిథిగా వచ్చారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఐర్లండు కవి. ఒక సాయంకాలం విద్యార్థులు పాటలు పాడుకునే చోట ఠాకూరు తన పాట ఎత్తుకున్నారట. అంత భారీ మనిషికి అంత సుతారమైన గొంతేమిటని కజిన్స్ విస్తుపోయాడు. పిల్లలు మాత్రం పల్లవి అందుకుని హుషారుగా పాడేశారు.

అసలు పని ఆ తర్వాత జరిగింది. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతంలో పట్టా పుచ్చుకున్న విదుషి. ఆమె ఆ వరసను పాశ్చాత్య స్వరలిపిలోకి దించింది. ఠాకూరు విని సరేనన్నారు. ఫిబ్రవరి 28న పాటకు ఇంగ్లీషు అనువాదం కూడా తన చేత్తోనే రాసి ఇచ్చారు. 1950 జనవరి 24న అందులోని మొదటి చరణం మన జాతీయగీతమైంది.

మా ఊరికి రికార్డింగు స్టూడియో ఎక్కడిది? ఆ కాగితమే రికార్డు.

అలాంటి అదృష్టం చుట్టుపక్కల పల్లెపాటలకు పట్టలేదు. పుంగనూరు పొట్టి ఆవును లోకమంతా ఎరుగును. అక్కడి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళ పాటను ఎవరెరుగుదురు? సినిమా పాటే వీటి గొంతు నొక్కిందంటారు. రాసిపెట్టే చెయ్యి లేకపోవడమే అంతకన్నా పెద్ద దెబ్బ అంటాను నేను. కుప్పంలో 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో జానపద విభాగం ఉండడం కొంత నయం. అయినా రాసేవారు వచ్చేలోగా పాడేవారు వెళ్ళిపోతున్నారు.

ఆ మధ్య కుప్పం దగ్గర ఒక పల్లెలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు వేరుశనగకాయలు ఒలుస్తూ పాడుతున్నారు. నడుమ ఒక అరవ ముక్క, ఒక కన్నడ ముక్క. ఎంత బాగుందో!

"ఎవరు కట్టారమ్మా ఈ పాట?"

"మా అవ్వ కట్టింది, సామీ."

"అవ్వ పేరేమిటి?"

ముగ్గురూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"పేరా? అవ్వా అనే పిలస్తా ఉంటిమి."