బీదర్‌లో అదను తప్పితే

బీదర్ అనగానే కరువు జిల్లా అనుకుంటాం. వాన లెక్క మాత్రం ఆ మాటకు ఒప్పుకోదు. ఏటా సగటున 800 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. అనంతపురం రైతుకు ఆ అంకె చూపిస్తే, ఇదేం కరువయ్యా అని నవ్వుతాడు. చిక్కేమిటంటే, సగటు వాన ఏ చేనులోనూ కురవదు. 2023నే తీసుకోండి. దేశం మొత్తం మీద జులైలో మామూలు కంటే 13 శాతం ఎక్కువ, ఆగస్టులో 36 శాతం తక్కువ. 1901 నుంచి అంతగా ఎండిన ఆగస్టు లేదు. నాలుగు నెలలూ కలిపితే లోటు ఆరు శాతమే, కాగితం మీద పాసు మార్కులే. బీదర్ ఉన్న కర్ణాటక మాత్రం తన 236 తాలూకాల్లో 223ను కరువు తాలూకాలుగా ప్రకటించుకోవాల్సి వచ్చింది.

నేల సంగతి తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. బీదర్ పట్టణం తూట్లు తూట్లుగా ఉండే ఎర్రరాతి గట్టు మీద ఉంది. దాన్నే లాటరైట్ అంటారు. పడ్డ వాన పడ్డట్టే లోపలికి ఇంకి, కింద బంకమట్టి పొర తగలగానే పక్కకు జరిగి, గట్టు అంచున ఊటగా బయటికొస్తుంది. నరసింహ ఝరా గుహలో భక్తులు ఛాతీలోతు నీళ్లలో నడిచేదీ, నానక్ ఝరా గురుద్వారాలో తీర్థంగా పుచ్చుకునేదీ ఆ ఊటే. బహమనీల కాలంలో, పదిహేనో శతాబ్దంలో, నౌబాద్ దగ్గర ఇరాన్ పద్ధతిలో సొరంగం తవ్వి ఇలాంటి నీటినే దారి మళ్లించారు. కరేజ్ అనే ఆ సొరంగం పొడవు సుమారు మూడు కిలోమీటర్లు, పైనుంచి దింపిన బావులు 21. మోటారు అక్కర్లేదు, ఎన్నికలకు ముందు ఉచిత కరెంటు హామీ కూడా అక్కర్లేదు.

గట్టు దిగితే భాల్కి, ఔరాద్ వైపు నల్లరేగడి. ఇది నీళ్లను అంత తొందరగా తాగదు, తాగాక అంత తొందరగా వదలదు. వానాకాలపు పదునుతోనే శీతకాలం పంట తీయవచ్చు.

పంటల వరసంతా ఆ పదును చుట్టూ అల్లుకున్నదే. మృగశిరలో దుక్కి తడిస్తే పెసర, మినుము, సోయా. సాళ్ల మధ్య కంది. పెసర డెబ్బై రోజుల్లో ఇంటికొస్తుంది, సోయాకు వంద రోజులు పడుతుంది, కంది ఆరు నెలలు నిలబడి లోతు తేమను వెతుక్కుంటుంది. ఒకటి పోతే ఇంకొకటి దక్కకపోతుందా అన్నది లెక్క. పెసర తీసిన రేగడిలో మళ్లీ శనగ, జొన్న, కుసుమ. వాన మూడు వారాలు ఆలస్యమైతే ఈ వరసంతా మూడు వారాలు వెనక్కి జరుగుతుంది. జూన్‌లో పడని వాన బాకీ జూన్‌తో తీరదు, మార్చిలో కూడా వసూలవుతుంది. మాఘంలో కల్లం చేరాల్సిన జొన్న ఫాల్గుణంలో ఇంకా కంకి మీదే ఉంటుంది. వడగళ్లు వచ్చేదీ అప్పుడే.

మార్చిలో ఈ పీఠభూమి బాగా కాగుతుంది. బంగాళాఖాతం నుంచీ అరేబియా సముద్రం నుంచీ వచ్చే తేమగాలులు మరాఠ్వాడా, ఉత్తర కర్ణాటకల మీద కలుస్తాయి. అదే సమయానికి పై ఎత్తున చల్లగాలి చేరితే కింది వేడిగాలి బలంగా లేస్తుంది. అది మోసుకెళ్లిన నీటిబొట్టు పైన గడ్డకట్టి, పొరమీద పొర పేర్చుకుని, గాలి ఇక మోయలేనంత బరువయ్యాక చేను మీద పడుతుంది. 2014 ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి దాకా మరాఠ్వాడా, ఉత్తర కర్ణాటకలను కుదిపేసింది ఇదే. 2023 మార్చిలో సరిహద్దుకు ఇవతల, తెలంగాణలో, మర్పల్లి, జహీరాబాద్ వైపు నేలంతా తెల్లబడింది. సెల్‌ఫోన్లలో అది కశ్మీరు అందం. చేనులో జొన్న దంటు నడుం విరిగి పడుకుంటుంది, కంకి తడిసి గింజ నల్లబడుతుంది, మామిడి పిందె రాలిపోతుంది. నల్లబడ్డ జొన్నకు మార్కెట్లో సగం ధర పలికినా అదృష్టమే.

సరిహద్దుకు ఇవతల జహీరాబాద్ ప్రాంతంలో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు శీతకాలంలో పదునూ మంచూ చాలనుకుని వేసే పంటలను సత్యం పంటలు అంటారు. వాటి లాభం పరిమితం, అప్పు కూడా పరిమితమే. అదే మంజీర పరీవాహకంలో చెరకు సంగతి వేరు. దానికి ఏడాది పొడుగునా నీళ్లు కావాలి. బీదర్‌లో చక్కెర మిల్లులున్నాయి, బిల్లు ఆలస్యమైనా చెరకుకు కొనేవాడు ఖాయం. అందుకే రైతు దాన్ని వదలడు, అందులో అతని తప్పేమీ లేదు. కానీ ఎగువన చెరకుకు పేరుపడ్డ లాతూరుకు 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి రైల్లో తాగునీళ్లు తేవాల్సి వచ్చింది. మొదటి రైలు తెచ్చింది ఐదు లక్షల లీటర్లు.

ఇక నిప్పు. బీదర్‌లో అడవి తక్కువ, కాబట్టి కార్చిచ్చు కంటే చేనుచిచ్చు భయమే ఎక్కువ. ఎండిన చెరకు ఆకు, సొప్ప కుప్ప, కోసి పేర్చిన సోయా, గట్ల మీద గడ్డి. ఎండకు కరెంటు తీగ సాగి కిందికి వేలాడుతుంది. గాలికి రెండు తీగలు రాసుకుంటే చాలు, నిప్పురవ్వలు రాలి ఎండాకు మీద పడతాయి. కాలిన చెరకును ఒకటి రెండు రోజుల్లో గానుగాడకపోతే రసం పాడవుతుంది. మిల్లు లారీ మాత్రం తన వరస ప్రకారమే వస్తుంది. ఇక్కడ ఇంకో ఇరకాటం ఉంది. కోత తర్వాత ఆకును తగలబెట్టకుండా సాళ్లలో పరిస్తే తేమ నిలుస్తుంది, నేల బాగుపడుతుంది. వ్యవసాయ శాఖ చెప్పేదీ అదే. కరువుకు మందైన ఆ ఆకే వేసవిలో నిప్పుకు మేత. కాబట్టి ఆకును సాలు విడిచి సాలులో పరిచి, చేను చుట్టూ, తీగల కిందా నాలుగు గజాలు దున్ని నున్నగా ఉంచాలి. ఆ నాలుగు గజాల పంట నష్టాన్ని ఏ సలహా కరపత్రమూ లెక్కగట్టదు.

మిగిలింది ప్రధానమంత్రి ఫసల్ బీమా. ఆహార పంటలకూ నూనెగింజలకూ రైతు కట్టే ప్రీమియం బీమా మొత్తంలో వానాకాలంలో 2 శాతం, యాసంగిలో 1.5 శాతం. కరువు నష్టాన్ని గ్రామ పంచాయతీ మొత్తానికి సగటు దిగుబడితో కొలుస్తారు. సగటు ఇక్కడా వదల్లేదు. వడగళ్లకైతే ఒక్కో చేను చూస్తారు, కాకపోతే 72 గంటల్లో తెలియజేయాలి. నిలబడిన పంట కాలితే స్థానిక విపత్తుల కింద లెక్కకు వచ్చేది పిడుగు వల్ల పుట్టిన నిప్పు మాత్రమే. తీగ నుంచి రాలిన నిప్పుకు విద్యుత్ ఆఫీసు చుట్టూ తిరగాలి, అక్కడ ముందు అడిగేది రుజువు. అంటుకున్న రోజే పంచనామా రాయించుకోవాలి. సాగిన తీగను మరమ్మతు చేసేలోపే, తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోవాలి.